వారానికి ఆరు

ఆ సోమవారం పొద్దున అలేఖ్యకు ఉన్న పనులు ఇవి. మోటారు వేసి నీళ్లు పట్టాలి. మామగారి దిండు గలీబు చన్నీళ్లలో నానబెట్టాలి, వేడినీళ్లు పోస్తే నెత్తుటి మరక వదలదు. గంజి పలచగా కాచి, వడగట్టి, చల్లార్చాలి. కోచింగ్ సెంటర్‌కు ఫోన్ చేసి పొద్దుటి క్లాసులు ఎవరికైనా అప్పగించాలి. ఎల్బీ నగర్ ల్యాబ్ నుంచి రక్తపరీక్ష రిపోర్టు వచ్చిందేమో చూసుకోవాలి. సింకు కింద ఊడ్చిపెట్టిన పెరుగుకుండ పెంకులు బయట పారేయాలి. ఆ కుండను నిన్న నేలకేసి కొట్టిన అత్తగారితో ఎలాగో ఒకలాగ మాట కలపాలి.

వీటన్నిటికంటే ముందు మామగారి చేత నోరు తెరిపించాలి.

రామచంద్రం నిన్న సాయంత్రం మూసిన నోరు ఇంతవరకూ తెరవలేదు. మంచం మీద గోడకు చేరగిలబడి, మూతికి తువ్వాలు చుట్టుకుని, ఒళ్లో పరుచుకున్న తన రెండు చేతుల వంకే చూస్తూ కూర్చున్నాడు. తువ్వాలు అంచు ఎర్రబడింది.

“ఒక్క చెంచా నీళ్లు, మావయ్యగారూ. ఊరికే గొంతు తడుపుకోండి చాలు.”

తల అడ్డంగా ఊపాడు.

“ఎట్ల తాగుతడు?” గుమ్మంలోంచి భాగ్యమ్మ గొంతు వినిపించింది. “నోరంత పుండ్లు చేసి, ఇప్పుడు తాగు మామా అంటే తాగుతడా?”

అలేఖ్య వెనక్కి తిరగలేదు. “పుండ్లు నేను చేశానా అత్తయ్యా?”

“మరెవరు చేసిండ్రు? పొద్దుగాల లేస్తే పులిసిన సద్దన్నం. పగటికి పుల్లటి సల్ల. మాపటికి ఆ మందుల దుకాణం పొడి. ‘కడుపుల పురుగులుండాలె, ఉంటేనే తోలు మంచిగైతది’ అంటివి. ఏ ఇంట్లనన్న కోడలు మామకు పురుగులు కలిపి పోస్తదా?”

“పురుగులు కాదత్తయ్యా, సూక్ష్మజీవులు. అందరి పేగుల్లోనూ ఉంటాయి. మీ కడుపులోనూ ఉన్నాయి.”

“నా కడుపుల ఏం లెవ్వు. నేను శుద్ధంగ తింట.”

ఇంకోరోజైతే ఆ మాటకు అలేఖ్య నవ్వేది. మామగారూ నవ్వేవారు. ఈరోజు చెంచాను మళ్లీ మామగారి మూతి దగ్గరికి తీసుకెళ్లింది.

రామచంద్రం చేతుల సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే. పోచంపల్లిలో మగ్గం మీద పెరిగిన చేతులు అవి. నగరానికొచ్చాక, కొడుకు శ్రీధర్ ఎల్బీ నగర్‌లో పెట్టిన చీరల దుకాణంలో తెల్లపరుపు మీద కూర్చుని, ఒక్క విదిలింపుతో చీర మొత్తం పరిచి చూపించేవి. ఆ చేతులకే సోరియాసిస్ వచ్చింది. మోచేతుల దగ్గర ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొట్టు. మెల్లగా అరచేతుల దాకా పాకింది. ఒకరోజు నల్లపట్టు చీర మీద ఆ పొట్టు రాలింది. కొనడానికొచ్చినావిడ చీర మీద నుంచి చెయ్యి తీసేసుకుని, కొంగుతో తుడుచుకుని, లేచిపోయింది. ఇది అంటుకునే జబ్బు కాదని అలేఖ్య ఎంతమందికి చెప్పగలదు? ఆ మర్నాటి నుంచి శ్రీధర్ తండ్రిని వెనకగదిలో మడతలు పెట్టే పనికి మార్చాడు.

చర్మం డాక్టరు రాసిన మాత్రలు మొదలుపెట్టాక పొట్టు తగ్గింది. మచ్చలు మాసిపోయాయి. అరచేతులు నున్నబడ్డాయి. పోయిన నెలలో రామచంద్రం మళ్లీ తెల్లపరుపు మీద కూర్చున్నాడు. ఆ రోజు భాగ్యమ్మ ఇంటిల్లిపాదికీ పాయసం వండింది.

ఆ తర్వాతే నోట్లో పుండ్లు మొదలయ్యాయి.

అలేఖ్య దిల్‌సుఖ్‌నగర్‌లో మెడికల్ సీటు కోసం చదివే పిల్లలకు జువాలజీ చెబుతుంది. చదివింది మైక్రోబయాలజీ. భీమవరం దగ్గర వాళ్ల ఇంటి నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమే. నోటిపుండ్లు చూడగానే ఆమెకు ఒక దారి కనిపించింది. అంతకుముందు గొంతునొప్పికి మామగారు యాంటీబయాటిక్ వాడారు. చెడ్డవాటితో పాటు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు కూడా చచ్చిపోయి ఉంటాయి. సోరియాసిస్ ఉన్నవాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల తీరే వేరుగా ఉంటుందని ఆమె చదివింది కూడా. పోయినవాటిని మళ్లీ నింపితే పుండ్లూ మానుతాయి, చర్మమూ నిలబడుతుంది. బోర్డు మీద బొమ్మ గీసినంత తేటగా కనిపించింది. అందుకే చద్దన్నం, అందుకే మజ్జిగ, అందుకే ఆ పొడి.

పుండ్లు మానలేదు. పెదవుల నుంచి గొంతులోకి దిగాయి.

“పొద్దుగాలనే షురూ చేసిండ్రా ఇద్దరు?” శ్రీధర్ తల తుడుచుకుంటూ వచ్చాడు. “అమ్మా, నువ్వు జర ఊకో. అలేఖ్యా, రిపోర్టు వచ్చిందా?”

“ఇంకా రాలేదు.”

“రాకుంటే మానె. ఇయ్యాల దవాఖానకు తీసుకపోదాం. నాయినా, లే. అంగీ తొడుక్కో.”

రామచంద్రం మెల్లగా తువ్వాలు కిందికి జరిపాడు. పెదవులు ఎండి, పగిలి, నల్లగా అట్టకట్టి ఉన్నాయి. మాట గాలిలా వచ్చింది.

“దవాఖాన ఒద్దు.”

“ఎందుకొద్దు?”

“గోలీలు బంద్ చెయ్యమంటరు.”

“బంద్ చేస్తే చేసిండ్రు. ఏమైతది?”

“మల్ల పొట్టు రాలుతది.” ఊపిరి తీసుకున్నాడు. “మల్ల నన్ను ఎనుక అర్రల కూసోపెడతవ్.”

శ్రీధర్ తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు, తీశాడు, మళ్లీ వేసుకున్నాడు. భాగ్యమ్మ కొడుకు మొహంలోకి చూసింది. ఆ చూపులో తిట్టు లేదు. తిట్టి ఉంటేనే అతనికి తేలికగా ఉండేది.

జ్వరం ఉందేమోనని అలేఖ్య మామగారి చెయ్యి పట్టుకుంది. చెయ్యి కాలిపోతోంది. చొక్కా చేతిని పైకి మడిచింది. మోచేతి దగ్గర మానిపోయిందనుకున్న పాత మచ్చ పచ్చిపుండులా విచ్చుకుని ఉంది. దాని కిందుగా, దెబ్బ తగిలినట్టు, నల్లటి నీలి చుక్కలు.

“ఎక్కడైనా తగిలిందా మావయ్యగారూ?”

తగల్లేదని తలూపాడు.

అప్పుడే ఫోన్ మోగింది.

“రామచంద్రం గారి తాలూకా, మేడమ్?” ల్యాబ్ అమ్మాయి గొంతు తడబడుతోంది. “తప్పు వచ్చిందేమోనని మళ్లీ చేసి చూసినం. రెండోసారి గూడ గదే వచ్చింది. రిపోర్టు పంపుతున్న. కానీ మీరు దాన్ని చూసుకుంట కూసోకండి. పేషెంట్‌ను ఇంట్ల ఉంచకండి.”

రిపోర్టు తెరిచింది. ఒంట్లోకి దిగే రోగాలను అడ్డుకునే తెల్లకణాలు ఉండాల్సిన చోట ఉన్న అంకెను ఆమె పాఠంలో కూడా ఎన్నడూ చూడలేదు.

శ్రీధర్ కారు తీశాడు. చైతన్యపురి సిగ్నల్ దగ్గర ఆగిపోయారు. మెట్రో స్తంభాల నీడలో బస్సులు ఒకదాని వెనక ఒకటి గుర్రుమంటున్నాయి. బ్యాగులు తగిలించుకున్న పిల్లలు గుంపుగా రోడ్డు దాటుతున్నారు. వాళ్లలో ఒకమ్మాయి అలేఖ్యను గుర్తుపట్టి “గుడ్ మార్నింగ్ మేడమ్” అని చెయ్యి ఊపింది. అలేఖ్య చెయ్యి ఎత్తలేకపోయింది.

వెనకసీట్లో భాగ్యమ్మ భర్త అరచేతిని తన ఒళ్లో పెట్టుకుని నిమురుతోంది.

“సూడు, ఎంత నున్నగైనయో! పెండ్లినాడు గూడ గిట్ల లెవ్వు నీ చేతులు.”

రామచంద్రం కళ్లు మూసుకున్నాడు. శ్రీధర్ హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ అవతలి ఆసుపత్రిలో డాక్టర్ విజయదుర్గ రిపోర్టునూ పాత మందుచీటీనీ ఒక్కసారే చూసింది. కుర్చీలో కూర్చోలేదు. రామచంద్రాన్ని లోపలి గదికి పంపించి, మాస్కు లేకుండా ఎవరూ వెళ్లొద్దని నర్సుకు చెప్పి, అప్పుడు వీళ్ల వైపు తిరిగింది.

“సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ వాడుతున్నారు కదా. ఎన్ని వేసుకుంటున్నారు? వారానికి ఆరేనా?”

“ఆరే మేడమ్,” అంది భాగ్యమ్మ వెంటనే. “ఒక్కటి ఎక్కువ ఇయ్యలే, ఒక్కటి తక్కువ చెయ్యలే. నా చేతుల మీదనే ఇస్తున్న.”

“రాసింది సరిగ్గా అంతేనండీ,” అంది అలేఖ్య.

డాక్టరు తలూపింది. కానీ నుదుటి మీది ముడత విడలేదు. “ఆ మోతాదుకు ఇంతగా పడిపోకూడదే. అయితే ముందు ఇన్‌ఫెక్షన్ సంగతి చూడాలి. ఈమధ్య ఏం తింటున్నారు?”

భాగ్యమ్మ కోడలి వైపు చూసింది.

“నేను చెప్తాను,” అంది అలేఖ్య. చెప్పింది. చద్దన్నం, పులిసిన మజ్జిగ, మేలుచేసే సూక్ష్మజీవుల పొడి. ఎందుకిచ్చిందో కూడా చెప్పింది. చెబుతుంటే తన మాటలు తనకే తరగతి గదిలో వల్లించినట్టు వినిపించాయి.

డాక్టరు మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక అంది. “మీరు చదివింది తప్పు కాదమ్మా. పేగుల్లోని సూక్ష్మజీవులకీ చర్మానికీ సంబంధం ఉందనే పరిశోధనలు జరుగుతున్నాయి. కానీ అవి మంచివాళ్లుగా ఉండేది మన ఒంట్లో కాపలా ఉన్నప్పుడు. ఈయన ఒంట్లో ఇప్పుడు కాపలా లేదు. నోట్లో కనిపించే పుండ్లే పేగుల్లోనూ ఉంటాయి. పేగు గోడ తెగితే ఇన్నాళ్లూ చుట్టాల్లా ఉన్నవే నెత్తుట్లోకి దూరిపోతాయి. మీరు పోసినవీ పోవచ్చు, ముందునుంచీ ఉన్నవీ పోవచ్చు. నెత్తురు కల్చర్‌కు పంపిస్తున్నాను. ఏది పెరుగుతుందో చూద్దాం.”

ఏది పెరుగుతుందో! అలేఖ్యకు ఆ గాజు పళ్లేలు కళ్లముందు కనిపించాయి. వెచ్చటి పెట్టెలో మూతపెట్టి ఉంచితే, మర్నాటికి తెల్లగా, గుండ్రంగా పైకి తేలే చుక్కలు. చదువుకునే రోజుల్లో వాటిని చూసి ఎంత సంబరపడేది!

వరండాలోకి రాగానే శ్రీధర్ గోడకు ఒరిగాడు.

“విన్నవా అలేఖ్యా?”

“విన్నాను.”

“నేను నీకు ఎదురు చెప్పలే. అమ్మ మొత్తుకున్నా చెప్పలే. నా పెండ్లాం చదువుకున్నది, ఆమెకు తెలుసు అన్న. దుకాణంల అందరికీ గదే చెప్పుకున్న.”

“శ్రీధర్, నేను…”

“ఒద్దు. ఇప్పుడేం చెప్పకు. చెప్తే నాకు మల్ల నిజమే అనిపిస్తది.”

అరిచి ఉంటే ఆమె కూడా అరిచేది. అతను అరవలేదు. మందులు తేవడానికి కిందికి వెళ్లిపోయాడు.

అత్తాకోడళ్లు ఒకే బెంచీ మీద మిగిలారు. వాళ్ల మధ్య ఇంకో మనిషి కూర్చునేంత చోటు ఉంది. లోపలి నుంచి ఏదో యంత్రం ఆగి ఆగి కూస్తోంది.

భాగ్యమ్మే ముందు కదిలింది. కొంగు ముందుకు తీసుకుని, చివర వేసిన ముడిని పంటితో లాగి విప్పింది. లోపల రేకులోంచి కత్తిరించిన ఒక చిన్న ముక్క ఉంది. అందులో ఒకే ఒక్క పసుపుపచ్చ మాత్ర.

“ఎన్ని తిట్టుకున్నా ఇంట్ల మనిషివి నువ్వే,” అంది మొహం పక్కకు పెట్టుకుని. “మేడమ్‌ను జర అడుగు బిడ్డా. ఇయ్యాలటి గోలీ ఇంక ఇయ్యలే. పొద్దుగాలటి పరేషాన్‌ల మరిచిన. వెంట తెచ్చిన. లోపటికి పోయి ఏసి రానిస్తరా?”

అలేఖ్య ఆ మాత్ర వంక చూసింది. అర్థం కాలేదు.

“ఇవాళ్టిదేంటి అత్తయ్యా?”

“ఇయ్యాలటిదే. సోమారం గోలీ.”

“సోమవారం గోలీ ఏంటి? ఆరూ ఒకసారే కదా ఇవ్వాలి?”

“ఆరు ఒకసారే ఎట్లిస్తరు పిల్లా? పానం పోదా?” భాగ్యమ్మకు నవ్వొచ్చినంత పనైంది. “దినాం ఒక్కటిస్తున్న. శనివారం ఒక్కనాడే ఇయ్యను. ఒక్కపొద్దు గదా. నువ్వు చెప్పినట్టే.”

నువ్వు చెప్పినట్టే.

అలేఖ్యకు తన గొంతే వినిపించింది. ఆ మాత్రలు మొదలుపెట్టిన రోజున, క్లాసుకు ఆలస్యమవుతోందని ఒక చేత్తో చెప్పులు వేసుకుంటూ, ఇంకో చేత్తో మందుల కవరు అత్తగారికి అందిస్తూ తను అన్న మాటలు.

“శనివారం వద్దత్తయ్యా, మావయ్యగారికి ఒక్కపొద్దు కదా, ఖాళీ కడుపు మీద పడవు. శనివారం వదిలేసి ఏ వారమైనా ఫర్వాలేదు. వారానికి ఆరు. మర్చిపోకండి.”

భాగ్యమ్మ మర్చిపోలేదు. శనివారం వదిలేస్తే మిగిలేవి ఆరు రోజులు. కోడలు చెప్పింది ఆరు మాత్రలు. ఆరుకు ఆరు అతికినట్టు సరిపోయాయి. ఇంక అనుమానమెందుకు? మాత్రల రేకు కూడా ఎప్పుడు అయిపోవాలో అప్పుడే అయిపోయేది. ఇందాక డాక్టరు అడిగినప్పుడు వారానికి ఆరే అని ఆమె చెప్పిందీ నిజమే. డాక్టరు అడిగిందీ ఆ ఆరే. ఆ ఒక్క మాట అందరి నోళ్లలోనూ తిరిగింది, ఎవరి చేతికీ చిక్కలేదు.

“ఏమైంది?” అంది భాగ్యమ్మ. “గట్ల తెల్లబోయినవేంది? గోలీ ఇయ్యొద్దా?”

వెయ్యకపోతే ఎలా అని ఆమె కళ్లలో దిగులు. అలేఖ్య ఆ మాత్రను అందుకుని పిడికిట్లో బిగించింది. లేచింది. డాక్టరు గది గుమ్మం పది అడుగుల దూరం కూడా లేదు. కిందినుంచి శ్రీధర్ మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినిపిస్తోంది. లోపలికి వెళ్లి నిజం చెబితే మొగుడు వింటాడు. చద్దన్నం తప్పు కాకపోయినా ఈ తప్పు తనదేనని వింటాడు. చెప్పకపోతే…

చెప్పకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. తలుపు తోసింది. వెనకే భాగ్యమ్మా వచ్చింది.

“డాక్టరు గారూ, ఆరు మాత్రలూ ఒకరోజున కాదండీ. రోజుకొకటి వేసుకుంటున్నారు. శనివారం తప్ప రోజూ. మొదటినుంచీ. నిన్న కూడా.”

విజయదుర్గ రాస్తున్న పెన్ను ఆగింది.

“రోజూనా?”

“రోజూ.”

“సిస్టర్!” ఆ కేకకు గదిలోని వాళ్లందరూ తిరిగి చూశారు. డాక్టరు విరుగుడు ఇంజెక్షన్ పేరు చెప్పి, మోతాదు చెప్పి, కిడ్నీల పరీక్ష వెంటనే కావాలంది. అప్పుడు వీళ్ల వైపు తిరిగింది. ఈసారి గొంతులో ఇందాకటి నెమ్మది లేదు. “ఆరూ ఒకేరోజు వేసుకుని ఆగితే, మిగతా వారమంతా ఒళ్లు కోలుకుంటుంది. రోజుకొకటి వెళ్తుంటే కోలుకునే సందే లేదు. లెక్క అదే, కానీ ఇలా వేసుకున్న మందు విషమైపోతుంది. మూలుగ నెత్తురు తయారుచెయ్యడం మానేస్తుంది. ఇది తెలిసే రాస్తాం, తెలిసే చెప్తాం. రోజూ ఇవ్వమని ఎవరు చెప్పారు మీకు?”

గుమ్మంలో శ్రీధర్ నిలబడి ఉన్నాడు. చేతిలో మందుల సంచి. అన్నీ విన్నాడు. అతని చూపు డాక్టరు మీద నుంచి తల్లి మీదికి, తల్లి మీద నుంచి భార్య మీదికి వచ్చి ఆగింది.

అలేఖ్య పిడికిట్లోని మాత్రను డాక్టరు బల్ల మీద పెట్టింది.

భాగ్యమ్మ కోడలి మొహంలోకి చూసింది. చాలాసేపు కాదు. విప్పిన కొంగును మళ్లీ ముడి వేసుకునేంతసేపు. ఆ ముడిలో ఇప్పుడు ఏమీ లేదు, అయినా గట్టిగా వేసింది.

“ఎవ్వరు చెప్పలే మేడమ్,” అంది. “నాకు చదువు రాదు. నేనే తప్పు విన్న.”

“అమ్మా!” శ్రీధర్ చేతిలోని సంచి కింద పడింది. “ఏం చేసినవే! నీ చేతులతోనే…”

మాట పూర్తి చెయ్యలేదు. పూర్తి చెయ్యని ఆ మాట అక్కడున్న అందరికీ వినిపించింది. భాగ్యమ్మ తల వంచుకుంది. అద్దం తలుపు అవతల రామచంద్రం మంచం మీద పడుకుని ఉన్నాడు. రెండు చేతులూ తెల్లదుప్పటి మీద నున్నగా, శుభ్రంగా, కదలకుండా ఉన్నాయి.

నేను చెప్పాను. నేనే చెప్పాను. అలేఖ్య లోపల్లోపల ఎన్నిసార్లు అనుకుందో! పెదవులు మాత్రం విడివడలేదు. ఆ ఇంట్లో నోరు తెరవనివాళ్లు ఇప్పుడు ఇద్దరయ్యారు.

నర్సు వచ్చి తలుపు మూసేసింది.

ఇది చదువుతున్న మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు, ఎవరి కోసమో, పొద్దున్నే రేకు చింపి మాత్రను అరచేతిలో పెట్టుకుని నిలబడతారు. ఒక చేత్తో మాత్ర, ఒక చేత్తో నీళ్ల గ్లాసు. వాళ్ల చేతుల్లోకి మీ చూపు పోయినప్పుడు భాగ్యమ్మను తలచుకోండి. ముఖ్యంగా శనివారం నాడు. ఆ రోజు భర్త తరఫున ఒక్కపొద్దు ఉంటానని ఆమె ఆ ఆసుపత్రి బెంచీ మీదే మొక్కుకుంది. విన్నది తప్పో, చెప్పింది తప్పో ఆమె ఎవరినీ అడగలేదు. ఆమెను మరిచిపోకండి.